సెకండ్ హ్యాండ్ కారు స్టార్ట్ అవడానికి సతాయిస్తే: ముందు బ్యాటరీ మార్చాలా, మీటరు పెట్టాలా?

పాత కారు కొన్నాక పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొండికేస్తోందని ఎవరికి చెప్పినా ముందు బ్యాటరీ మార్చెయ్యమనే అంటారు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ఇంజిన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటార్ విప్పి చూడాలంటాడు. కుర్రాళ్లనడిగితే కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించమంటారు. ఈ మూడు సలహాలూ తప్పేం కాదు. అయితే వీటన్నిటికంటే ముందు వోల్టేజి కొలిచే, కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్‌తో పావుగంట పని ఉంది. అది చేయకుండా ఇంకో దాని మీద డబ్బు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

మీటరు తీసే ముందు ఒకసారి చెవి పెట్టి వినండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ బరువుగా, ఆగి ఆగి తిరుగుతోందా? లేక చురుగ్గానే తిరుగుతున్నా ఎంతకీ అందుకోవట్లేదా? రెండింటినీ ‘స్టార్టింగ్ ట్రబుల్’ అనే అంటాం కానీ రెండూ వేరే జబ్బులు. మొదటిది కరెంటు బాధ. అంటే బ్యాటరీ, వైర్లు, ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే వైరు), సెల్ఫ్‌లో ఏదో ఒకటి. రెండోది చాలావరకు పెట్రోలు లేదా డీజిల్ సరిగ్గా అందకపోవడమో, సెన్సర్ గొడవో అయి ఉంటుంది. సెల్ఫ్ చురుగ్గా తిరిగే కారుకు కొత్త బ్యాటరీ వేసినా ఏ మార్పూ ఉండదు.

బరువుగా తిరిగే కారు సంగతి చూద్దాం. రాత్రంతా ఆపి ఉంచాక, పొద్దున డోర్లూ లైట్లూ జోలికి పోకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే ఫుల్ చార్జి. 12.2 అంటే సగమే మిగిలినట్టు. 12 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని అంకె చూడండి. ఫుల్ చార్జి ఉన్న బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి పడిపోతోందంటే అది అలసిపోయిందనే అనుకోవాలి. మన ఎండలకు బ్యాటరీ నాలుగైదేళ్లు వస్తే గొప్పే. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే డైనమో (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది) బాగున్నట్టు. అంతకంటే తక్కువ చూపిస్తే ఎంత ఖరీదైన బ్యాటరీ వేసినా మళ్లీ డౌన్ అవుతుంది. (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించే పాత పద్ధతి ఒకటుంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. ఒక్కసారిగా వోల్టేజి ఎగిరితే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీఎం) కాలిపోవచ్చు.)

పక్క కారు నుంచి జంపర్ కేబుల్స్ వేసి చూడటం చాలామంది నమ్మే పరీక్ష. ‘జంపర్‌తో లేచింది, కాబట్టి బ్యాటరీయే పోయింది’ అంటారు. ఇది మోసం చేస్తుంది. ఖమ్మంలో మా బావగారు కొన్న పదేళ్ల డీజిల్ కారు విషయంలో అచ్చం ఇదే జరిగింది. జంపర్ వేస్తే ఠక్కున లేచింది. కొత్త బ్యాటరీ వేశారు. మర్నాడు పొద్దున మళ్లీ అదే నీరసం. మీటరు పెడితే సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా బ్యాటరీ 11 దగ్గరే నిలబడింది. అప్పుడు మీటరు ఎర్ర వైరును ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుము దగ్గర, నల్ల వైరును బ్యాటరీ నెగటివ్ మొన మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాం. అక్కడ 0.2 దాటకూడదు. మీటరు ఒకటి పైనే చూపించింది. గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు బిగించే బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. విప్పి, ఉప్పుకాగితంతో గీకి బిగిస్తే సరిపోయింది. జంపర్ నల్ల క్లిప్పును నిబంధన ప్రకారమే ఇంజిన్ మీద పెట్టారు కాబట్టి కరెంటు ఆ పాడైన ఎర్త్ వైరును తప్పించుకుని వెళ్లింది. అందుకే అప్పుడు లేచింది.

పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ మొన నుంచి సెల్ఫ్ మీది బోల్టు దాకా చూడాలి. అక్కడ 0.5 లోపు ఉండాలి. వైర్లు రెండూ బాగుండి, బ్యాటరీ గట్టిగా ఉండి, అయినా బరువుగా తిరుగుతోందంటే అప్పుడు సెల్ఫ్ విప్పించండి. కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు అరిగి ఉంటాయి. మంచి ఎలక్ట్రీషియన్ అవి మార్చి ఇస్తే కొత్త సెల్ఫ్ అక్కర్లేదు. సెల్ఫే ఎక్కడో పట్టేస్తూ ఎక్కువ కరెంటు లాగినా బ్యాటరీ అంకె 9.6 కిందికి పడుతుంది. కాబట్టి అనుమానంగా ఉంటే, ఆరోగ్యంగా ఉన్న ఇంకో బ్యాటరీని ఒక్క పూట అరువు తెచ్చి బిగించి చూడటం జంపర్ కంటే నమ్మకమైన పని.

సెల్ఫ్ చురుగ్గా తిరిగీ అందుకోని కార్లలో స్కానర్‌ది పైచేయి. సెల్ఫ్‌తో ఇంజిన్ తిరుగుతుండగా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఇంజిన్ తిరిగే వేగాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా లేచి, వేడెక్కాక లేవని కార్లలో ఇది తరచూ బయటపడుతుంది. పెట్రోలు కారైతే స్కానర్ కంటే ముందు తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, ఇలా రెండు మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే లేస్తే రాత్రిపూట పెట్రోలు ఒత్తిడి దిగిపోతున్నట్టు లెక్క. డీజిల్ కారైతే ఫిల్టర్ దగ్గర గాలి చొరబడుతోందేమో చూపించండి. చాలామంది ముందుగా, చలిలో డీజిల్ ఇంజిన్‌ను వెచ్చబెట్టే హీటర్ ప్లగ్గుల మీద పడతారు. లంబసింగి చలిలో సరే, మే నెల విజయవాడలో కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే రకం) డీజిల్ ఇంజిన్ వాటి సాయం లేకుండానే లేవాలి. ఎర్త్ వైరు చిలుము లాంటి వాటికి మాత్రం స్కానర్ ఏ కోడూ చూపించదు.

బ్యాటరీ మార్చక తప్పదని తేలితే యాంపియర్ అవర్ (బ్యాటరీ సామర్థ్యం) లెక్క మాన్యువల్లో చూసి అదే సైజు వేయించండి. పాత కార్లలో అమ్మేవాళ్లు చవకలో చిన్న బ్యాటరీ పెట్టేస్తుంటారు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి లేచే కారుకు దానికి తగ్గ ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే (పదేపదే స్టార్ట్ చేసినా తట్టుకునే బ్యాటరీలు) వేయాలి. మామూలుది వేస్తే తొందరగా పోతుంది. పాత బ్యాటరీ షాపులోనే ఇస్తే ధర తగ్గిస్తారు, అది అడిగి తీసుకోవాలి. అంతకంటే ముందు, కారుతో వచ్చిన బ్యాటరీకి వారంటీ కార్డు ఉందేమో పాత యజమానిని అడగండి.

ఇంకా కొనని వాళ్లకు ఒక మాట. ‘కొత్త బ్యాటరీ వేశాం సార్’ అని చూపించే కారు, పాత బ్యాటరీతోనే ఒక్క దెబ్బకు లేచే కారు పక్కపక్కన ఉంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. కొత్త బ్యాటరీ చాటున డైనమో లోపం కొన్ని వారాలు దాక్కోగలదు. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఆ రోజుకు వెనక్కొచ్చేసి, మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీరే తాళం తిప్పుతామని చెప్పండి.