ఉద్యోగుల క్యాబ్ రూట్లకు ఓఆర్-టూల్స్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

గచ్చిబౌలిలోని ఒక కార్యాలయానికి వచ్చే ఉద్యోగుల క్యాబ్ రూట్లను కొన్నేళ్లుగా ఓఆర్-టూల్స్‌తోనే తయారుచేస్తున్నాను. రూట్ల వంటి లెక్కలు వేయడానికి గూగుల్ రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ సీట్ల సంఖ్య, షిఫ్టు వేళల వంటి నిబంధనలను బాగా పాటిస్తుంది. కానీ దూరాన్నే తగ్గించమంటే ఆ పొదుపు భారమంతా ఉదయం అందరికంటే ముందు ఎక్కినవారిపై పడుతుంది. ఎల్.బి.నగర్‌లో ఎక్కిన ఉద్యోగిని మలక్‌పేట, మెహదీపట్నం, టోలిచౌకిల్లో మిగతావారు ఎక్కేదాకా బండిలోనే కూర్చోవాలి. సగటు ప్రయాణ సమయంలో ఈ అన్యాయం కనిపించదు, అందుకే నేను సగటును ప్రమాణంగా తీసుకోను.

ఉదయం అందరూ దిగేది ఒకేచోట, దాదాపు ఒకే వేళకు. కాబట్టి పికప్ ఎంత ముందుంటే ప్రయాణం అంత పొడవన్నమాట. నేరుగా వస్తే పట్టే సమయానికి కొంత వెసులుబాటు కలిపి, అంతకంటే ముందు ఎక్కించుకున్న ప్రతి నిమిషానికీ జరిమానా పడేలా సాఫ్ట్ లోయర్ బౌండ్ (జరిమానాతో దాటగల కింది హద్దు) పెడతాను. సాయంత్రం డ్రాప్‌లకు అదే అప్పర్ బౌండ్ (పై హద్దు) అవుతుంది. స్లాక్‌ను, అంటే బండి దారిలో ఆగి ఉండగల సమయాన్ని, సున్నా చేయడం తప్పనిసరి, లేకపోతే తర్వాతివారి జరిమానా తప్పించడానికి, ముందు ఎక్కినవారు లోపల ఉండగానే బండి దారిలో ఆగి కాలం గడుపుతుంది. ఖర్చులన్నీ పూర్ణాంకాల్లోనే ఇవ్వాలి కనుక బండి అద్దె, కిలోమీటరు ఖర్చు, ప్రయాణికుల నిమిషం విలువ మూడింటినీ పైసల్లోకి మారుస్తాను.

అయితే ఈ జరిమానాకు ఒకరు ముప్పై నిమిషాలు నష్టపోవడమూ, ముప్పైమంది ఒక్కో నిమిషం నష్టపోవడమూ సమానమే. నా దృష్టిలో అవి ఎన్నటికీ సమానం కావు. అందుకే జరిమానాపైన దాటరాని పరిమితి కూడా విధించి, అందులో ఇమడనివారిని డిస్‌జంక్షన్ (జరిమానాతో ఒక స్టాపును వదిలేసే వీలు) ద్వారా రూటు నుంచి తప్పించి విడి క్యాబ్ ఇస్తాను. ఆ క్యాబ్ ఖర్చే తప్పించినందుకు పడే జరిమానా. రాత్రి చివరి డ్రాప్ ఒంటరి మహిళ కాకూడదన్న నియమానికి మాత్రం ఏ ధరా కట్టను.

రోడ్ల సంగతి లైబ్రరీకి తెలియదు, ప్రయాణ సమయాల పట్టిక మనమే ఇవ్వాలి. రోడ్ మ్యాపుల నుంచి ప్రయాణ సమయాలు లెక్కించే ఓఎస్ఆర్ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకున్న సమయాల్లో అప్పటికప్పటి ట్రాఫిక్ ఉండదు గనుక షిఫ్టు వారీగా వాటిని సవరించుకుంటాను. ఆఖరి నిమిషంలో కొత్త అభ్యర్థన వస్తే, ఇప్పటికే తెలియజేసిన పికప్ వేళలను ఇరుకైన సమయ పరిధుల్లో బిగించి మళ్లీ లెక్కిస్తాను. పైథాన్ గానీ జావా గానీ తెలిసిన మనిషి అందుబాటులో లేని రవాణా విభాగానికి దీన్ని సూచించను.