కాలేజ్ గేమ్‌డే ఛాంపియన్‌షిప్ సంచిక: నమ్మకం ఎక్కువ, కొలత తక్కువ

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట జనవరిలో ఒక సోమవారం రాత్రి జరుగుతుంది. ఆ ఆటకు ముందు, ఆట జరిగే చోటి నుంచే ఈఎస్‌పీఎన్ క్రీడా చానెల్ ప్రసారం చేసే ‘కాలేజ్ గేమ్‌డే’ ప్రత్యేక సంచికను ఈ సమీక్షకు తీసుకున్నాను. 1987లో స్టూడియోకు పరిమితమైన కార్యక్రమంగా మొదలై, 1993 నవంబరులో నోటర్‌డామ్, ఫ్లోరిడా స్టేట్ ఆట కోసం తొలిసారి సౌత్‌బెండ్‌కు కదలి వెళ్లిన ఈ ప్రదర్శన ఈ రోజు ఆ క్రీడకు సంబంధించిన పండుగ వాతావరణంలో విడదీయలేని భాగమైపోయింది కాబట్టి, వినోదంగా దాని స్థాయిని మళ్లీ నిరూపించవలసిన అవసరం లేదు. నా ప్రశ్న ఒక్కటే: పెద్ద ఆటకు ముందు రెండు జట్లనూ, వాటి అభిమానులనూ ఆవరించే అతివిశ్వాసాన్ని ఈ కార్యక్రమం అర్థం చేయిస్తుందా, లేక దానినే కొంచెం తీపి కలిపి అమ్ముతుందా?

ఈ ప్రశ్నకు కార్యక్రమంలోనే ఒక సజీవ ఉదాహరణ కూర్చుని ఉంటుంది. 2017 అక్టోబరులో టెక్సస్ ఏ అండ్ ఎం మీద 27-19 తేడాతో బయటపడిన తరువాత, అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ తన ఆటగాళ్లపై పత్రికలూ, టీవీలూ కురిపిస్తున్న పొగడ్తలను ఎలుకల మందుతో పోల్చారు. ఏడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు గెలిచి 2024 జనవరిలో రిటైరైన ఆయన, అదే ఏడాది గేమ్‌డే బల్ల దగ్గర కుర్చీ వేసుకున్నారు. జీవితమంతా ఏ మందు తన పిల్లల నోటికి అందకుండా కాపాడారో ఆ మందు తయారయ్యే చోటే ఆయన ఇప్పుడు ఉద్యోగి అన్నమాట. ఆశ్చర్యమేమిటంటే, ఈ ప్రదర్శనలో డబ్బుకు తగిన విలువ ఇచ్చే భాగం ఆయనదే. ఫలానా జట్టు రక్షణ వరుస ఏ ఎత్తుగడను దాచిపెడుతుంది, ఎదుటి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ దానిని బంతి అందుకునే ముందే ఎలా పసిగట్టాలి, పసిగట్టలేకపోతే ఏమవుతుంది అని ఆయన విడమరచి చెప్పేటప్పుడు, ప్రేక్షకుడికి ‘ఎవరు గెలుస్తారు’ అన్న ఆత్రం కాసేపు సద్దుమణిగి, ‘ఏది తప్పిపోవచ్చు’ అన్న ఆలోచన మొదలవుతుంది. అతివిశ్వాసానికి ఇంతకంటే మంచి విరుగుడు నాకు తెలియదు.

ఆటగాళ్ల విషయంలో మాత్రం సంచిక ఒక ముఖ్యమైన తేడాను ఎప్పుడూ చెరిపేస్తుంది. తాను ఒక పని చేయగలనన్న నమ్మకం ఉన్నవాడు ఎక్కువసేపు శ్రమిస్తాడనీ, అడ్డంకి ఎదురైనా తొందరగా చేతులెత్తేయడనీ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య భావన చెబుతుంది. ఆట మొదలైన తరువాత అలాంటి నమ్మకం ఎంత ఉన్నా ఎక్కువ కాదు. ఆఖరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో ఐదు గజాలు అవసరమైనప్పుడు సందేహించే క్వార్టర్‌బ్యాక్ ఎవరికీ అక్కరలేదు. అంతకు ముందు వారాల సంగతి వేరు. వీడియోలు చూడవలసిన, కసరత్తు చేయవలసిన, పడుకోవలసిన వేళకు పడుకోవలసిన ఆ రోజుల్లో కొంత అనుమానం మిగిలి ఉండడమే మంచిది, ఎందుకంటే మనిషిని మళ్లీ మళ్లీ సిద్ధం చేసేది ఆ అనుమానమే. గేమ్‌డే బృందం ఛాంపియన్‌షిప్ రోజున మైక్ పట్టుకునే సమయానికి సన్నాహమంతా ముగిసిపోయి ఉంటుంది. అందువల్ల ఆ రోజు పొగడ్త ఆటగాడికి చేసే హాని చాలా తక్కువ అని నా అభిప్రాయం. అసలు హాని జరిగితే అది సెమీఫైనల్‌కూ ఫైనల్‌కూ మధ్య, కెమెరాలు హోటల్ దాకా రాని రోజుల్లో జరుగుతుంది. ఈ మాట ప్యానెల్‌లో ఎవరైనా చెబితే బాగుండును, కానీ చెబితే ఆ రోజు కార్యక్రమానికి ఉన్న ప్రాముఖ్యం కొంత తగ్గిపోతుంది.

ఇక చరిత్రను తలచుకునే పద్ధతి. పెద్ద ఆటకు ముందు పాత ఓటములు ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా, ఓడినవాడికి కళ్లు నెత్తికెక్కాయన్న ఒకే కథ వినిపిస్తుంది. దీనికి అందరూ చూపే సాక్ష్యం 1987 జనవరి 2న జాతీయ ఛాంపియన్‌ను తేల్చిన ఫియస్టా బౌల్ ఆట. జిమ్మీ జాన్సన్ శిక్షణలోని మయామీ ఆటగాళ్లు సైనిక దుస్తుల్లో అరిజోనాలో దిగారు, ఇరుజట్లకూ ఏర్పాటు చేసిన విందు నుంచి మధ్యలోనే లేచి వెళ్లిపోయారు, చివరికి పెన్ స్టేట్ చేతిలో 14-10 తేడాతో ఓడిపోయారు. నీతికథకు ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ రాత్రి లెక్కలు చూడండి: బంతితో ముందుకు సాగి మయామీ సాధించినవి 445 గజాలు, పెన్ స్టేట్ సాధించినవి 162. ఆ ఏడాది అత్యుత్తమ కాలేజ్ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన మయామీ క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టవెర్డీ విసిరిన ఐదు బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి, ఆఖరిది ఆట ముగియబోతుండగా గోల్ గీత దగ్గరే పడింది. ఆ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పిపోయినా, అవే సైనిక దుస్తులు ‘మొక్కవోని పట్టుదల’గా పుస్తకాలకెక్కి ఉండేవి. ఫలితం తెలిసిన తరువాత దానికి తగిన గుణాన్ని వెనక్కి వెళ్లి అతికించడం మానవ సహజమే, కానీ విశ్లేషకులమని చెప్పుకునేవారు కనీసం ఆ గజాల లెక్కనైనా తెర మీద పెట్టాలి.

2007 జనవరి 8 నాటి జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట ఇంకా చిక్కైనది, నాకు ఇంకా ఇష్టమైనది. సీజన్ మొదటి నుంచీ మొదటి ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్, హైస్మన్ విజేత ట్రాయ్ స్మిత్‌తో ఫ్లోరిడా మీదికి దిగింది. ఆట ఆరంభపు కిక్‌ను టెడ్ గిన్ 93 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్‌గా మార్చాడు. ఆ సంబరంలో సొంత జట్టువాళ్లు మీద పడటంతో అతడి పాదానికి దెబ్బ తగిలి ఆటకు దూరమయ్యాడు. ఫ్లోరిడా 41-14తో గెలిచింది. ఒహాయో స్టేట్ ఆ రాత్రి సాధించినవి మొత్తం 82 గజాలే. దీనిని అతివిశ్వాసం అనవచ్చు. మిషిగన్ మీద నవంబరు 18న గెలిచిన తరువాత 51 రోజులు ఆట లేకుండా కూర్చోవడం అనవచ్చు. ఫ్లోరిడా రక్షణ వరుస అంచుల నుంచి దూసుకొచ్చినవాళ్ల వేగం అనవచ్చు. మొదటి నిమిషంలోనే అతివేగంగల ఆటగాడిని పోగొట్టుకోవడం అనవచ్చు. నాలుగు కారణాలు ఒకే రాత్రి కలిసి వచ్చినప్పుడు దేనికి ఎంత వాటా ఇవ్వాలో నిజాయితీగా చెప్పగలవాడు లేడు. టీవీ మాత్రం మొదటి కారణాన్నే ఎంచుకుంటుంది, ఎందుకంటే దానిలో ఒక మనిషి ముఖం ఉంటుంది, ఒక పాఠం ఉంటుంది.

జార్జియా ఉదంతం అయితే ఈ అలవాటును బాహాటంగా బయటపెడుతుంది. 2021 డిసెంబరులో ఓటమి ఎరగని జార్జియా, గెలుస్తుందని ఎక్కువమంది అనుకున్న ఫేవరెట్‌గా తానే దిగి, ఆ రెండు జట్లూ ఉన్న ఎస్‌ఈసీ లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అలబామా చేతిలో 24-41తో ఓడింది. అదే జార్జియా మళ్లీ ఫేవరెట్‌గానే దిగి, 2022 జనవరి 10న అదే అలబామాను 33-18తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. మొదటి ఆటకు ‘పొగరు’ అనీ, రెండో ఆటకు ‘కనువిప్పు’ అనీ పేర్లు పెట్టడం సులువు. విసిరిన బంతిని అందుకునే అలబామా ప్రధాన రిసీవర్లలో ఒకరు మొదటి ఆటలో, మరొకరు రెండో ఆట మధ్యలో గాయపడ్డారన్న సంగతి ఈ కథకు అడ్డం వస్తుంది కాబట్టి, చాలామంది దానిని ఒక్క ముక్కలో దాటేశారు.

సంచికలో అందరూ ఎదురుచూసే ఘట్టం చివర్లో వచ్చే జోస్యాలు. మనస్తత్వ శాస్త్రపరంగా నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపించే భాగం కూడా అదే. పరిశోధకులు డాన్ మూర్, పాల్ హీలీ 2008లో అతివిశ్వాసాన్ని మూడు రకాలుగా విడదీశారు: తన శక్తిని ఎక్కువగా ఊహించుకోవడం, ఇతరులకంటే తాను మెరుగనుకోవడం, తన అంచనా కచ్చితమైనదని అవసరానికి మించి నమ్మడం. గేమ్‌డే బల్ల దగ్గర మూడో రకం రాజ్యమేలుతుంది. ప్యానెల్‌లో ఒకరు ‘ఒహాయో స్టేట్’ అంటారు. అది నూటికి యాభైఅయిదు పాళ్ల నమ్మకమో, తొంభై పాళ్ల నమ్మకమో ఎవరూ అడగరు, ఆయన చెప్పరు. గొంతు ఎంత గట్టిగా ఉంటే నమ్మకం అంత ఎక్కువని వినేవాడే లెక్క కట్టుకోవాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఇంకా టాస్ కూడా పడని ఆటకు విజయోత్సవం ఎలా ఉండబోతోందో వర్ణించే నిమిషాలు కూడా ఉంటాయి.

ఈ విషయంలో ప్యానెల్ సభ్యుడు కిర్క్ హెర్బ్‌స్ట్రీట్ పాటించే మర్యాదను మెచ్చుకోవాలి. తాను వ్యాఖ్యానం చేయబోయే ఆటకు ఆయన విజేతను ప్రకటించరు. ఛాంపియన్‌షిప్‌కు వ్యాఖ్యాత ఆయనే కాబట్టి ఆ రోజు ఆయన నోట జోస్యం రాదు. కర్ర విరగకుండా పాము చావకుండా మాట్లాడుతున్నారని కొందరు విసుక్కుంటారు గాని, ఆ బల్ల మీద మౌనానికి కూడా విలువ ఉందని గుర్తుచేసే మనిషి ఆయన ఒక్కరే. పైగా ఆయన ఒహాయో స్టేట్ మాజీ క్వార్టర్‌బ్యాక్, ప్యానెల్‌లోని డెస్మండ్ హోవర్డ్ మిషిగన్‌కు ఆడి 1991లో హైస్మన్ గెలిచినవారు, సేబన్ అలబామా మనిషి. ఈ బంధాలను ప్రదర్శన దాచిపెట్టదు, తరచూ హాస్యానికి వాడుకుంటుంది కూడా. పక్షపాతం బయటికి కనిపిస్తున్నంత మాత్రాన అది తొలగిపోదన్నది వేరే సంగతి. 1951లో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ జట్లు మొరటుగా ఆడిన ఒక ఆట ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ చూపించి, ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ 1954లో ప్రచురించిన అధ్యయనంలో, డార్ట్‌మత్ ఆటగాళ్ల తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనిపించినన్నిటిలో సగం కూడా డార్ట్‌మత్ విద్యార్థులకు కనిపించలేదు. చూసిన ఫిల్ము ఒక్కటే.

ఈ ప్యానెల్‌లో చాలా ఏళ్లు కూర్చున్న లీ కోర్సో గురించి ఒక మాట. 1996 అక్టోబరులో కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మస్కట్ (జట్టు చిహ్నమైన బొమ్మ) తలను తన తలకు తగిలించుకుని జోస్యం చెప్పడం మొదలుపెట్టి, 2025 ఆగస్టు 30న అదే ఊళ్లో రిటైరైన ఆయన, చూడటానికి అందరికంటే అతివిశ్వాసిగా కనిపించేవారు. నిజానికి నమ్మకంతో వ్యవహరించే తీరులో ఆయనే అందరికంటే నిజాయితీపరుడని నేనంటాను. బొచ్చు తల తొడుక్కుని చెప్పిన మాటను ఎవరూ శాస్త్రమనుకోరు. అది ఆట అని చెప్పేవాడికీ, వినేవాడికీ తెలుసు. సూటు వేసుకుని గంభీరంగా చెప్పిన జోస్యానికి ఆ రక్షణ లేదు.

అంచనాలను నిజంగా కొలిచే సాధనం ఒకటి ఈఎస్‌పీఎన్ చేతిలోనే ఉంది. దాని ఫుట్‌బాల్ పవర్ ఇండెక్స్ ప్రతి ఆటకూ గెలుపు అవకాశాన్ని శాతంలో చెబుతుంది. దశాంశ స్థానం దాకా ఇచ్చే ఆ అంకెకు అంత కచ్చితత్వం నిజంగా ఉందా అని సందేహించవచ్చు, కానీ ఓడిపోయే అవకాశం కూడా ఉందని ఒప్పుకునే భాష ఆ ప్రసారం మొత్తంలో అదొక్కటే. అలాంటిదానిని ఒక గ్రాఫిక్‌గా మెరిపించి, ఎవరూ దాని మీద ఆగకుండా ముందుకు వెళ్లిపోతారు. 2018 మేలో అమెరికా సుప్రీం కోర్టు క్రీడా పందేలపై ఉన్న కేంద్ర చట్టాన్ని కొట్టేసిన తరువాత పాయింట్ల స్ప్రెడ్ (ఫేవరెట్ ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందన్న పందెం అంచనా) గురించి తెర మీద ధారాళంగా మాట్లాడుతున్నారు; ఏడు పాయింట్ల ఫేవరెట్ కూడా పదింటిలో రెండు మూడు సార్లు ఓడిపోతుందన్న వివరణ మాత్రం అంత ధారాళంగా రాదు.

వెనుక బోర్డులు పట్టుకుని కేకలు వేసే జనం ఈ కార్యక్రమానికి ఊపిరి. వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. జట్టు గెలిచిన వారాంతం తరువాతి సోమవారం కాలేజీ పేరున్న దుస్తులు ఎక్కువగా కనిపిస్తాయనీ, గెలిచినప్పుడు ‘మేము’ అన్న విద్యార్థులు ఓడినప్పుడు ఆ మాటను తక్కువగా వాడతారనీ రాబర్ట్ చాల్దీనీ బృందం 1976లోనే చూపించింది. ఆట ఇంకా మొదలుకాలేదు కాబట్టి ఆ సాయంత్రం రెండు వైపులా అందరూ ‘మేమే’.

ఈ సంచికను చూడాలనుకునేవారికి నా సూచన: జోస్యాల ఘట్టానికి ముందే ఒక కాగితం మీద మీ జట్టు గెలుస్తుందన్న నమ్మకాన్ని శాతంలో రాసుకోండి, జోస్యాలన్నీ విన్నాక మళ్లీ రాయండి. ఆట ముగిశాక వాతావరణ అంచనాల కోసం గ్లెన్ బ్రియర్ 1950లో సూచించిన పద్ధతిలో లెక్క వేయండి. గెలిస్తే 1, ఓడితే 0 అనుకుని, మీ అంచనాకూ ఫలితానికీ ఉన్న తేడాను వర్గం చేయడమే. తొంభై శాతం అన్నవాడి జట్టు ఓడితే 0.81 శిక్ష పడుతుంది, అరవై అన్నవాడికి 0.36 మాత్రమే, గెలిస్తే మొదటివాడికి 0.01, రెండోవాడికి 0.16. కాగితం మీద మీరు రాసిన రెండు శాతాల మధ్య మీ నమ్మకం ఎంత పెరిగిందో చూస్తే, కొత్త సమాచారం ఏదీ అందకుండానే ఆ బల్ల మీకు ఎంత ధైర్యం అమ్మిందో తెలుస్తుంది.

వినోదంగా ఈ సంచికకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆటగాళ్ల జీవితాలపై వచ్చే కథనాలు, సేబన్ విశ్లేషణ, జనసందోహం, అన్నీ ఆ మార్కులకు తగినవే. విశ్లేషణగా రెండున్నర. ప్రతి జోస్యం పక్కన ఎంత శాతం నమ్మకమో వేసి, సీజన్ పొడవునా ఒక్కొక్కరి బ్రియర్ లెక్కను కింద పట్టీలో నడిపిస్తే, నేను ఇంకో మార్కు సంతోషంగా కలుపుతాను.