ఆరేళ్ళుగా నిలబడిన లెగో మెకా: తుంటి కీలు చెప్పిన సంగతులు

విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంటి ముందుగదిలో, ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ లెగో ముక్కలతో నేను కట్టిన మెకా ఒకటి ఆరేళ్ళుగా నిలబడి ఉంది. లోపల మనిషి కూర్చొని నడిపేటట్లు ఊహించిన మరమనిషిని మెకా అంటారు. నాది 42 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 1,900 ముక్కలు, కిలో ఏడువందల గ్రాములకు కొంచెం తక్కువ బరువు. ఇది పెట్టెలో వచ్చిన బొమ్మ కాదు. హార్బరులో సరుకు దించే క్రేన్లను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, ఆ పసుపు రంగునూ ఆ పొడవాటి చేతులనూ దీనికి తెచ్చి పెట్టుకున్నాను. ఈ ఆరేళ్ళలో దాని భంగిమను ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు గాని, పూర్తిగా విప్పి మళ్ళీ కట్టడం మాత్రం రెండుసార్లు జరిగింది, ఆ రెండుసార్లూ తుంటి కీలు కోసమే. అందువల్ల ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ కీలు గురించే ఉంటుంది.

నన్ను ఈ దారిలోకి తెచ్చింది 2014లో వచ్చిన ఎక్సో సూట్. పీటర్ రీడ్ అనే అభిమాని రూపకల్పనను లెగో సంస్థ తన ఐడియాస్ వరుసలో ఆ పేరుతో విడుదల చేసింది. ఒక అభిమాని తన బల్ల మీద కూర్చొని ఊహించినది దుకాణాల దాకా రావడం చూసి, నేనూ 21 సెంటీమీటర్ల ఎత్తున ఒక మెకాను కట్టాను. అది సుమారు 210 గ్రాములు తూగింది, ఒంటికాలి మీద కూడా చక్కగా నిలిచింది. ఆ ధైర్యంతో అదే రూపాన్ని రెండింతల ఎత్తుకు పెంచాను.

అసలు పాఠం అక్కడే మొదలైంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ బరువు కీలు నుంచి రెండింతల దూరంలో వేలాడుతుంది కాబట్టి కీలును మెలితిప్పే బలం పదహారు రెట్లవుతుంది. కీలు ముక్క మాత్రం పెరగదు, లెగోలో అది వచ్చిన కొలతలోనే వస్తుంది. చిన్న మెకాలో నేను వాడినవి మిక్సెల్స్ బొమ్మలతో 2014లో వచ్చిన చిన్న బంతి కీళ్ళు. బంతిని గిన్నె పట్టుకొని ఉండే ఆ ఒరిపిడే వాటి బలమంతా. పెద్ద మెకాలో ఒక్కో తుంటికి నాలుగేసి బంతి కీళ్ళు కలిపి పెట్టాను. మొదటి మూడు నెలలు ఏ లోపమూ కనబడలేదు. నాలుగో నెల, మే ఎండల్లో, ఒక రోజు పొద్దున్నే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, బొమ్మ మళ్ళీ దండం పెడుతోంది" అంది. వెళ్ళి చూస్తే నడుము దగ్గర ముందుకు వంగి, చేతులు నేలకు ఆనించి ఉంది. గిన్నె అంచులు నిరంతరం బరువు మోసి కొద్దికొద్దిగా తెరుచుకోవడంతో పట్టు జారింది. ముక్కలో లోపం లేదు. అంత బరువును దాని మీద పెట్టడమే నా పొరపాటు.

రెండోసారి పళ్ళకీళ్ళు పెట్టాను. ఇవి టిక్కుటిక్కుమంటూ తిరిగే కీళ్ళు, ఒక్కో టిక్కుకు 22.5 డిగ్రీలు తిరుగుతాయి. బరువును బాగా మోశాయి, జారిన గుర్తు లేదు. కానీ మెకాకు ప్రాణం దాని భంగిమలో ఉంటుంది. అడుగు వేయబోతున్నట్లు తొడ ముందుకు రావడానికి నాకు పదిహేను డిగ్రీలు కావాలి. పళ్ళకీలు సున్నా అంటుంది, లేదా 22.5 అంటుంది. నిటారుగా నిలబెడితే కాపలావాడిలా కనబడేది, ఒక టిక్కు వేస్తే పరుగెత్తబోయి తూలినట్లుండేది. ఏడాదిన్నర ఆ రెండింటి మధ్యే గడిపి, చివరికి మళ్ళీ విప్పాను.

మూడోసారి పెట్టినది వార్మ్ గేర్. మరమేకు మీది గాడిలా పళ్ళు చుట్టిన చిన్న గొట్టం అది; దాని పక్కన 24 పళ్ళ చక్రం ఉంటుంది. గొట్టాన్ని ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక్క పన్ను జరుగుతుంది, అంటే 15 డిగ్రీలు. నాకు కావలసినది సరిగ్గా అంతే, అర చుట్టు తిప్పితే అందులో సగమూ దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, గొట్టం చక్రాన్ని తిప్పగలదు గాని చక్రం గొట్టాన్ని తిప్పలేదు. ఎంత బరువు వంచాలని చూసినా తొడ కదలదు. ఆ గొట్టాలను మోసే ఇరుసుల కొనలను నడుము వెనక్కి తెచ్చి, రెండు చిన్న పళ్ళచక్రాలను పిడుల్లా బిగించాను. బొటనవేలితో కుడి పిడిని నెమ్మదిగా తిప్పుతుంటే కుడి తొడ మెల్లగా పైకి లేవడం, ఆగిన చోట ఆగిపోవడం, నాలుగేళ్ళ తరువాత ఇప్పటికీ నాకు అంతే ఆనందాన్నిస్తుంది. దీనికీ ఒక లోపం ఉంది. పళ్ళ మధ్య ఖాళీ వల్ల కొద్దిపాటి ఊగు మిగిలిపోయింది. వీధిలో బరువైన లారీ వెళితే మెకా తల సన్నగా కదులుతుంది. తొడ వెనుక రబ్బరు బ్యాండు వేసి ఒక వైపుకు లాగి ఉంచితే ఆ ఊగు చాలావరకు తగ్గింది గాని, మన ఉక్కపోతకు బ్యాండు ఎనిమిది నెలలకే జిగటగా మారి తెగిపోతుంది. తెగినప్పుడల్లా కొత్తది వేయక తప్పడం లేదు.

ఛాతీ కవచం విషయంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు. ముక్కలను అడ్డంగా తిప్పి అమర్చినప్పుడు కూడా కొలతలు కలుస్తాయి: పలుచని పలక మందం 3.2 మిల్లీమీటర్లు, ముక్క మీది బుడిపెకూ బుడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, కనుక ఐదు పలకలు పేర్చితే రెండు బుడిపెల వెడల్పుకు సరిగ్గా సరిపోతాయి. ఈ ఒక్క లెక్క తెలిస్తే కవచం దానంతటదే కుదురుతుంది.

సముద్రం పక్కన ఊరు కాబట్టి అందరూ ఉప్పుగాలి గురించి అడుగుతారు. ప్లాస్టిక్కుకు దానితో ప్రమాదం లేదు. తుప్పు పట్టినది ఛాతీలో దీపం కోసం నేను పెట్టిన బటన్ బ్యాటరీ రేకు ఒక్కటే. ఉప్పుతేమతో కలిసిన దుమ్ము మాత్రం బుడిపెల మధ్య సన్నని పొరలా అంటుకుంటుంది, ఊదితే పోదు. మెత్తని పెయింటు కుంచెతో వారానికోసారి తుడుస్తాను. విప్పినప్పుడల్లా 40 డిగ్రీలకు మించని గోరువెచ్చని నీటిలో, కొంచెం సబ్బు వేసి కడిగి నీడలో ఆరబెడతాను.

నష్టం చేసినది ఎండ. మొదటి రెండేళ్ళూ మెకాను తూర్పు కిటికీ దగ్గర ఉంచాను. లెగో ముక్కలను 1963 నుంచి ఏబీఎస్ ప్లాస్టిక్కుతో చేస్తున్నారు. దానిలోని రబ్బరు భాగం అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. రెండోసారి విప్పినప్పుడు తెల్లని ఎడమ భుజం మీది పలకను తీస్తే, దాని కింద దాగిన మేర పాల తెలుపుతో దీర్ఘచతురస్రంలా మెరిసింది, చుట్టూ ఉన్నదంతా పాత కాగితం రంగులో ఉంది. ఆ మచ్చను అలాగే ఉంచాను, మెకాను మాత్రం లోపలి గోడకు మార్చాను.

ఖర్చు తగ్గుతుందని కవచంలో కొన్నిచోట్ల వేరే తయారీదారుల ముక్కలు కలిపాను. కొన్ని వదులుగా, కొన్ని విప్పలేనంత బిగుతుగా వచ్చాయి. బరువు పడని చోట అవి పనికొస్తాయి. కీళ్ళలోనూ ఇరుసులు పట్టే చోట్లా వాటిని పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

కొత్తగా కట్టేవారికి నా సలహా: పాతిక సెంటీమీటర్ల లోపు అయితే బంతి కీళ్ళు చాలు, హాయిగా కట్టుకోండి. అంతకు మించితే కాగితం మీద మొదటి గీత గీసే ముందే తుంటిలో వార్మ్ గేర్‌కు చోటు ఉంచండి, ఎందుకంటే తరువాత దూర్చాలంటే నడుము అంతా విప్పాలి. నా మెకాలో చీలమండలు ఇంకా పళ్ళకీళ్ళ మీదే ఉన్నాయి. తొడ పదిహేను డిగ్రీలు లేచినప్పుడు పాదం నేలకు పూర్తిగా ఆనక, మడమ కింద ఒక పలుచని పలక దూర్చవలసి వస్తోంది. ఈ దసరా సెలవుల్లో వాటినీ విప్పుతున్నాను.