జొన్నాడ అవతల కోడిపెట్టలు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి, టీకా వేశానన్న మాట నమ్మకండి

నిన్న సాయంత్రం మా పొడల పెట్ట కూడా పోయిందండి. కోపం కాస్త చల్లారాక రాద్దామనుకున్నాను. కానీ పొద్దున్న ఫోన్ తెరిస్తే అదే మనిషి మళ్లీ ఫోటోలు పెట్టాడు. అవే మాటలు: "వనరాజ పెట్టలు, అన్ని టీకాలూ అయిపోయాయి, పదిహేను రోజుల్లో గుడ్లు." కింద అప్పుడే నలుగురు ధర అడుగుతున్నారు. ఇంక ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను. పేరు రాయను. మన వైపు పెరటి కోళ్లు కొనేవాళ్లలో చాలామందికి ఆయన ఫోన్ నంబరు కంఠతా వచ్చు, ఎవరో మీకే అర్థమవుతుంది.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర. కొబ్బరిచెట్లు, వాటి మధ్య అరటీ కందా, ఇంటి వెనక నాలుగు కూరమళ్లు. ఎనిమిది నాటు పెట్టలు, ఒక డేగ పుంజు. రెండు పెట్టలు పొదుగు మీద కూర్చోవడంతో గుడ్లు తగ్గాయి, పాపకి రోజూ ఒక గుడ్డు కూడా రావడం లేదు. అందుకని ఆయన దగ్గర పది వనరాజ పెట్టలు (పెరటి కోసం తయారుచేసిన రకం) కొన్నాను. ఒక్కోటి 550, మొత్తం 5500. ఆటోకి 700. ఇక కొన్న సాయంత్రం సంగతి.

పగలు వస్తానంటే వద్దన్నాడు. "చీకటి పడ్డాక రండమ్మా, గూట్లో చేరాక పట్టుకోవడం తేలిక" అన్నాడు. మాట సబబుగానే అనిపించింది, మేమూ మా కోళ్లని అలాగే పట్టుకుంటాం. వెళ్లేసరికి ఏడు దాటింది. షెడ్డంతటికీ ఒకటే బల్బు. ఫోన్ లైటు వేసి చూశాను. రెట్టలు చూడలేదు, ఈకలు ఎత్తి వెనక తడిగా ఉందేమో చూడలేదు. ఒక పెట్ట మూల ముడుచుకుని కూర్చుని ఉంది. ఆయన కాలితో దాన్ని పక్కకి జరిపి, ఇది నిద్రమొహంది, వేరేది ఇస్తాను అన్నాడు. ఆ కాలితో జరిపిన తీరు అప్పుడే మనసులో ముల్లులా గుచ్చుకుంది. అయినా ఏమీ అనలేదు.

టీకాలు వేశారా అని మాత్రం గట్టిగా అడిగాను. నేను ఆ మాట అంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా వీధిలో ఎవరూ గుడ్డు ముట్టుకోలేదు, మా ఇంటి కోళ్లని చూసి పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. బర్డ్ ఫ్లూకీ ఈ టీకాలకీ సంబంధం లేదని తెలుసు. కానీ అప్పటినుంచి కోడి తల వాలిస్తే నాకు గుండె జారిపోతుంది.

అడగ్గానే ఆయన కిటికీ గూట్లోంచి చిన్న గాజు సీసా తెచ్చి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. "ఇదిగోనమ్మా లసోటా. మొన్న బుధవారమే అన్నిటికీ వేశాను. మా అబ్బాయి మీద ఒట్టు." లసోటా అంటే కొక్కెర తెగులు రాకుండా కోళ్లకి వేసే టీకా. బిడ్డ మీద ఒట్టు అంటే మనకి నోరు మూతపడిపోతుంది కదండీ. అత్తయ్యగారికి చూపిద్దామని ఆ సీసాకి ఫోటో తీసుకున్నాను. ఆయన వేళ్ల మధ్య తిప్పి పేరు కనపడేలా కూడా పట్టుకున్నాడు. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు ఒకటే మాట అన్నారు: "కొత్త కోళ్లు, నాలుగు రోజులు గంప కింద వేరుగా ఉంచమ్మాయ్." నేను వినలేదు. టీకాలు వేసినవే అత్తయ్యా, ఇదిగో ఫోటో, అని చూపించాను. మర్నాడు పొద్దున్నే అన్నిటినీ కలిపి దొడ్లోకి వదిలేశాను. ఈ తప్పు నాది. ఎవరి మీదా తొయ్యను.

ఆదివారం తెచ్చాం. బుధవారం కొత్తవాటిలో ఒకటి రెక్కలు వేలాడేసుకుని నిలబడింది. మేత ముట్టలేదు. ఆకుపచ్చగా, నీళ్లలా రెట్ట. గురువారం రెండు చచ్చిపోయాయి, ఇంకో మూడు నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తున్నాయి. శుక్రవారం పొద్దున్న చచ్చినదాన్ని సంచిలో కట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు కోసి చూపించారు. కందనకాయకి పైన ఉండే చిన్న పొట్ట లోపలి గోడ మీద వరసగా ఎర్రటి చుక్కలు, సూదితో గుచ్చినట్టు. రాణిఖేత్ అని చీటీ మీద రాశారు. మన ఊళ్లలో అనే కొక్కెర తెగులే. దీనికి మందు లేదమ్మా, ముందే టీకా వేయించుకోవడం ఒక్కటే దారి అన్నారు. టీకా వేశారటండీ అని నేను ఫోన్ తీసి ఆ ఫోటో చూపించాను.

ఆయన చాలాసేపు చూశారు. రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి నా వైపు తిప్పారు. సీసా మూతి మీద అల్యూమినియం సీలు అలాగే ఉంది. చింపలేదు, సూది గుచ్చిన గుర్తు లేదు. అడుగున కర్పూరం బిళ్లంత తెల్లటి ముక్క, చెక్కుచెదరకుండా ఉంది. ఈ టీకా పొడి బిళ్లలా వస్తుందట, చల్లటి ద్రావకం పోసి కరిగించాకే కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారట, కరిగించాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలట, మిగిలింది పనికిరాదట. అంటే వాడిన సీసాలో ఆ తెల్ల బిళ్ల ఉండే ప్రసక్తే లేదు. పైగా ఎప్పుడూ ఫ్రిజ్‌లో చల్లగా ఉండాల్సిన దాన్ని ఆయన కిటికీ గూట్లో ఎండకి పెట్టుకున్నాడు. "ఇది తెరవని సీసా తల్లీ" అన్నారు డాక్టరుగారు.

నాకు అక్కడే కుర్చీలో కూర్చోవాలనిపించింది. సాక్ష్యం నా చేతిలోనే ఉంది. నేనే తీసిన ఫోటో. అయిదు రోజులుగా ఇంట్లో అందరికీ చూపిస్తూ ఉన్నాను. ఆ మనిషి మూత తియ్యని సీసా నా మొహం ముందు పట్టుకుని కన్నకొడుకు మీద ఒట్టేశాడు. కోళ్లు పోయినందుకన్నా నాకు అదే ఎక్కువ మండుతోంది. తెలియక అమ్మాడంటే క్షమించేదాన్ని. ఆ సీసా అలా చూపించడానికే గూట్లో పెట్టుకున్నాడు, నాలాంటి వాళ్లు అడుగుతారని.

మర్నాడు ఫోన్ చేశాను. మొదట బాగానే మాట్లాడాడు. "మా దగ్గర ఉన్నన్నాళ్లూ గింజ వదల్లేదమ్మా, మీ దొడ్లో ఏదో తిని ఉంటాయి." మరి సీసా సీలు కూడా తియ్యలేదేమండీ అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు మార్చాడు: "చూడమ్మా, కోడి అన్నాక చస్తుంది. మీకంత అనుమానమైతే కొట్లో గుడ్లు కొనుక్కోండి, కోళ్లు పెంచడం మీలాంటోళ్ల వల్ల కాదు." పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మా ఆయన నంబరు నుంచి చేస్తే, గొంతు విని కట్ చేశాడు. డబ్బు వెనక్కి అడగలేదండీ నేను. మిగతావాళ్లకైనా చెప్పండి, మీ దగ్గర కొన్నవాళ్లకి ఫోన్ చేసి వేరుగా పెట్టుకోమని చెప్పండి అని అడుగుదామనే చేశాను. ఆ మాట దాకా రానివ్వలేదు.

తర్వాత వారం మా కోళ్లకి పట్టుకుంది. మావాటికి టీకా వేయించి ఏడాది దాటింది. సీసా తెరిస్తే వంద డోసులు, తొమ్మిది కోళ్ల కోసం ఎవరు తెరుస్తారు, పక్కవాళ్లు కూడా వస్తామంటే ఒకేసారి వేయిద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. వాళ్లని అడగనేలేదు. వీధిలో నాలుగిళ్లు తిరిగి చెప్పి ఉంటే అరగంట పని.

పొడల పెట్ట పొదుగు మీద ఉంది. పదకొండు గుడ్లు, పద్నాలుగో రోజు. ఇంకో వారంలో పిల్లలు. పొదుగు మీద ఉన్న కోడి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తుంది. ఆ రోజు చెయ్యి పెడితే పొడవలేదు. బుట్టలోంచి దిగి కరివేపాకు చెట్టు కింద నిలబడింది. మెడ మెల్లగా వెనక్కి తిరుగుతూ తిరుగుతూ తల వీపు మీద ఆనింది, ఆకాశం చూస్తున్నట్టు. అత్తయ్యగారు దూదితో ముక్కులో నీళ్లు వేస్తూ రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నారు. ఆవిడ చేతి మీదుగా పిల్లలు చేసిన పెట్ట అది, ఆవిడ చేతి మీదే గింజలు తినేది. నిన్న సాయంత్రం పోయింది. గుడ్లు అప్పటికే చల్లబడిపోయాయి. వాటినీ దానితోపాటే గుంటలో పెట్టి సున్నం చల్లి పూడ్చాం. పాప గుడ్లు లెక్కపెట్టింది.

పంతొమ్మిదిలో పద్నాలుగు పోయాయి. కొత్తవి రెండు, మావి మూడు మిగిలాయి. అందులో ఒకదాని మెడ వంకరగా నిలిచిపోయింది, మేత దాని నోటికి అందడం లేదు, తవుడు ముద్ద చేసి మనమే పెట్టాలి.

దొడ్డి సంగతీ చెప్పాలి. ఈ ఆదివారం మా ఆయన పెంటపోగు తిరగేశారు. బొటనవేలంత లావు తెల్ల పురుగులు, చుట్టలు చుట్టుకుని బయటపడ్డాయి. కొబ్బరికి పట్టే కొమ్ము పురుగు పిల్లలు అవి, పెంటలోనే పెరుగుతాయి. పార దెబ్బ వినపడగానే మా కోళ్లు పరిగెత్తుకొచ్చేవి, పార ఎత్తేలోపు ఏరేసేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ చేత్తో ఏరి కిరసనాయిలు డబ్బాలో వేశాం. గూట్లో ఊక వంగమళ్లకి వేసేవాళ్లం. ఈసారి తోటలో చల్లొద్దన్నారు డాక్టరుగారు, తగలబెట్టేశాం. గూడు కడిగి సున్నం కొట్టాం. మళ్లీ కోళ్లు తేవడానికి చాలా రోజులు ఆగాలి.

వనరాజ మీద నాకే ఫిర్యాదూ లేదు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి కోసమే తయారుచేసిన రకం అది, మా పెద్దమ్మగారింట్లో చక్కగా పెరుగుతున్నాయి. ఆ పేరు చెప్పి వీళ్లు అమ్ముకుంటున్నారు.

కొనేటప్పుడు పగటి పూట వెళ్లండి. చీకట్లో రమ్మంటే అసలు వెళ్లొద్దు. గూడు కింద రెట్ట చూడండి, ఆకుపచ్చగా పల్చగా ఉంటే వెనక్కి వచ్చేయండి. టీకా ఎప్పుడు, ఏది వేశారో అడగండి. లసోటా అయిదు నుంచి ఏడు రోజుల పిల్లలకి కంట్లో చుక్క, మళ్లీ నాలుగు వారాల వయసుకి అదే చుక్క, ఎనిమిది వారాలకి అదే తెగులుకి ఆర్‌టూబీ అనే టీకా సూది. అయిదు నెలల పెట్టకి మొన్నే లసోటా వేశాను అంటూ ఆర్‌టూబీ ఊసెత్తకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే, నాకు అప్పుడు తట్టలేదు. సీసా చూపిస్తే చేతిలోకి తీసుకుని మూత చూడండి. ఏం చెప్పినా సరే, కొత్త కోళ్లని కనీసం మూడు వారాలు మీ కోళ్లకి దూరంగా, వేరే గిన్నెలో నీళ్లు పెట్టి ఉంచండి. వాటి పని అయ్యాక కాళ్లూ చేతులూ కడుక్కుని పాత కోళ్ల దగ్గరికి వెళ్లమన్నారు డాక్టరుగారు, చెప్పుల మీద కూడా వస్తుందట.

ఈ నెలలో ఆయన దగ్గర కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, తెల్లారేదాకా ఆగకండి. ఈ రాత్రే ఆ పెట్టల్ని తీసి గంపల కింద వేరుగా మూసెయ్యండి, పొద్దున్నే పశువుల ఆసుపత్రికి వెళ్లి చెప్పండి. నా దగ్గరున్న సీసా ఫోటో కావాలంటే అడగండి, పంపిస్తాను.