సుభద్ర పథకం: ఖాతా ఆమెది, ఓటీపీ ఎవరిది?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో సుభద్ర డబ్బు మాట రాని రోజు లేదు. 2024 సెప్టెంబరు 17న మొదలైన ఈ ఒడిశా పథకంలో అర్హత ఉన్న 21 నుంచి 60 ఏళ్ల మహిళకు ఏడాదికి రెండు విడతల్లో 10,000 రూపాయలు, అయిదేళ్లకు 50,000 వస్తాయి. ఇందులో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది ఖాతా నిబంధన: అది ఆమె ఒక్కదాని పేరనే ఉండాలి, భర్తతో కలిపి తీసిన జాయింటు ఖాతా చెల్లదు.

చిక్కు ఇంటిపేరు దగ్గర మొదలవుతుంది. మన ఆధార్‌లో పుట్టింటి పేరు ముందు, అదీ ఒక్కోసారి పొడి అక్షరంగా ఉంటుంది. పాసుపుస్తకంలో అత్తింటి పేరు, ఒడియా పద్ధతిలో వెనకాల. రెండూ కలవకపోతే ఆధార్ సీడింగ్, అంటే ఖాతాకు ఆధార్‌ను జతచేయడం, ఆగిపోతుంది. అంగన్‌వాడీలో ఉచితంగా దొరికే ఫారం నింపకముందే ఇది సరిచేయించాలి. రెండు ఖాతాలుంటే ఆధార్‌తో ఆఖరున జతపడినదానికే (మ్యాపింగ్) డబ్బు పోతుంది, అది ఏదో చూసుకోవాలి.

సరిహద్దుకు ఇవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చిన కోడలికైతే ఆధార్ చిరునామా కూడా మారాలి. కుటుంబ పెద్ద ద్వారా మార్చుకునే పద్ధతిలో ఆ పెద్ద 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. పెద్ద అంటే భర్తే కానక్కర్లేదు. బంధుత్వానికి కాగితం ఉంటే 18 దాటిన వేరే కుటుంబ సభ్యులైనా కావచ్చు. ఈ సంగతి కౌంటర్ల దగ్గర ఎవరూ చెప్పరు, చెప్పాలి.

ఇన్నిటికి ఇంకొకరి సాయం కావాల్సి వస్తే ఆమె స్వతంత్రురాలేనా అనిపించవచ్చు. ఎవరి ఆసరా లేకుండా ఒంటరిగా నిర్ణయించుకునే మనిషే స్వతంత్రుడన్న పాత తాత్విక ఊహను స్త్రీవాదులు ఒప్పుకోలేదు. తత్వవేత్తలు కాట్రియోనా మెకెంజీ, నటలీ స్టోల్జార్ 2000లో తెచ్చిన వ్యాస సంపుటి దీన్నే సంబంధాల్లోని స్వయంప్రతిపత్తి అంది. మనిషిని నిలబెట్టేవీ, నొక్కేసేవీ చుట్టూ ఉన్న సంబంధాలే. ముఖం చూపించి కళ్లు ఆర్పమనే ఈకేవైసీ (ఫోన్‌లో జరిగే గుర్తింపు తనిఖీ) దగ్గర పక్కింటావిడ ఒడియా చదివి పెడితే ఆమె స్వేచ్ఛకు లోటేమీ రాదు. ఆధార్‌కు మగడి నంబరు ఉండి, ప్రతి ఓటీపీకీ ఆయన ఇంటికి వచ్చేదాకా ఆగాల్సి రావడమే అసలు లోటు. పథకం ఖాతాను చూసింది గానీ ఫోన్‌ను చూడలేదు.

ఆధార్‌లో నంబరు మార్చడానికి కాగితాలేమీ అక్కర్లేదు. ఆధార్ కేంద్రానికి ఆమె స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు, రుసుము కొద్దే. విడతలు రాఖీ పౌర్ణమికీ మార్చి 8కీ పడతాయి కాబట్టి అంతకు నెల ముందే ఈ పని అయిపోవాలి.