ఐరిష్ వంశవృక్షం రిపోర్టుకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

మా ఆయన వాళ్లది బోస్టన్‌లో స్థిరపడ్డ ఐరిష్ కుటుంబం. మా అత్తగారి ముత్తాత ప్యాట్రిక్ కౌంటీ మేయో నుంచి వచ్చాడన్నంత వరకే ఆవిడకి తెలుసు. ఆవిడ పుట్టినరోజుకి ఇద్దామని, ఎక్కడ చూసినా ప్రకటనలు కనిపించే ఆ రిపోర్టుల ఆయనకి ఆర్డర్ ఇచ్చాం. 450 యూరోలు, మొత్తం ముందే కట్టించుకున్నాడు.

రిపోర్టులో ఒక పేజీకి '1871 సెన్సస్, మేయో' అని హెడ్డింగ్. కింద ప్యాట్రిక్, తమ్ముళ్లు, వయసులతో సహా టైపు చేసి ఉన్నారు. 1871 మేయో సెన్సస్ ఎక్కడుందండీ? 1861, 1871 ఫారాలు ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో గుజ్జు చేసేశారు. అంతకు ముందువి చాలావరకు 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు ఆఫీసుతో పాటు కాలిపోయాయి. 1922కి ముందువాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911 మాత్రమే. లేని కాగితంలోంచి ఈ తమ్ముళ్లు ఎలా వచ్చారు?

జ్ఞానస్నానం రికార్డు ఫొటో మాత్రం నిజమైనదే. ల్యాటిన్‌లో 'పాట్రిసియస్' అని ఉంది. కానీ తల్లి పేరు మరియా! మా దగ్గరున్న మసాచుసెట్స్ డెత్ రికార్డులో తల్లి హోనోరా. ఆ స్కాన్ ఆర్డర్‌తోనే పంపాం. తెరిచి కూడా చూడలేదన్నమాట. ఇక గ్రిఫిత్స్ వాల్యుయేషన్ (1847-64 నాటి భూమి, ఇళ్ల పన్ను లెక్క)లో ఒక కౌలుదారుని పట్టుకుని 'ఇతనే తండ్రి' అని తేల్చేశాడు. అందులో కౌలుదారు పేరు, భూస్వామి పేరు ఉంటాయి గానీ పిల్లల పేర్లు ఉండవు. ఏ టౌన్‌ల్యాండో (ఐర్లండ్‌లో అతిచిన్న భూవిభాగం) కూడా రాయలేదు.

ఫోన్ చేసి ఇవన్నీ ఒక్కొక్కటే అడిగాను. చివరిదాకా విననేలేదు. "మీరు ఇండియన్ కదా, మా ఇంటిపేర్ల సంగతి మీకెందుకు? మీ ఆయన్ని మాట్లాడమనండి" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా అత్తగారు ఆ తమ్ముళ్ల పేర్ల మీద వేలు పెట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. "మాట్లాడేది నా కోడలు. నా మనవలకి ఈ పేర్లు చెప్పేది తనే" అంటుండగానే లైన్ కట్ చేశాడు. డబ్బు సంగతి తర్వాత, ఎనభై ఏళ్ల మనిషి చేత ఎవరో పరాయివాళ్లని నా వాళ్లు అనిపించాడే, అది నాకు మింగుడుపడటం లేదు. మెయిల్స్‌కి జవాబు లేదు.

కాథలిక్ పారిష్ రిజిస్టర్లు సుమారు 1880 వరకు ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో, 1901, 1911 సెన్సస్‌లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉచితంగా ఉన్నాయి. గ్రిఫిత్స్ కూడా ఆన్‌లైన్‌లో ఉచితమే. అయినా ఎవరికైనా పని అప్పగిస్తే ప్రతి పేరుకీ ఏ రిజిస్టరు, ఏ పేజీ అని రాసిమ్మనండి. ఇప్పటికే ఇతనికి కార్డుతో కట్టినవాళ్లు వెంటనే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, దానికి గడువు ఉంటుంది. నేను ఇందాకే వేశాను.