పేరున్న యూనివర్సిటీ వదిలేసి మధ్యలో కాలేజీ మారాను: వైజాగా, మావైపా? నా రివ్యూ

చదివే ఓపిక లేనోళ్ళకి రేటింగులు ముందే చెప్పేస్తా. మొదట చేరిన పెద్ద సిటీ ప్రైవేట్ యూనివర్సిటీకి ఐదుకి ఒకటిన్నర, ఆ అర కూడా లైబ్రరీలో ఏసీకి. మారదామని వెళ్ళి చూసొచ్చిన వైజాగ్ కాలేజీకి నాలుగు. చివరికి చేరినదానికి మూడున్నర. అవును, తక్కువ వేసినదాంట్లోనే చేరాను, ఎందుకో కింద ఉంది. కాలేజీల పేర్లు మాత్రం రాయట్లేదు, మా ఊరు చిన్నది, నాన్న షాపుకి అందరూ వస్తారు.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అది ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, నాన్న మందుల షాపులో రెండూ. నాకు తెలుగు రాయడం మామ్మ నేర్పింది, గోడకున్న క్యాలెండర్ చూపించి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి మాట్లాడినట్టే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ప్లస్ టూ సైన్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి. అప్పుడు పేపర్లో ఫుల్ పేజీ యాడ్ చూసి, ర్యాంకు చూసి, తెలుగూ ఒడియా రెండూ వినపడని సిటీలో బీఎస్సీ స్టాటిస్టిక్స్‌కి చేరిపోయాను, కోర్సు పేరులో డేటా సైన్స్ అని కూడా తగిలించారు, ఫీజు దానికే ఎక్కువ అని నా అనుమానం. చేరిన వారం అంతా షాపుకొచ్చినోళ్ళు నాన్నకి కంగ్రాట్స్ చెప్పారట. ఆ వారం తప్ప ఆ ఫీజుకి మాకు దక్కింది పెద్దగా ఏం లేదు. క్లాసులో నూట ఇరవై మంది, సార్ మైకులో చెప్తారు, ఒక్క సెమిస్టర్లో ప్రాబబిలిటీకి ముగ్గురు సార్లు మారారు. కండిషనల్ ప్రాబబిలిటీలో, అంటే ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగే అవకాశం లెక్కేయడంలో, ఒక డౌట్ ఉండిపోయింది, అడుగుదామని స్టాఫ్ రూమ్ చుట్టూ నాలుగు రోజులు తిరిగా, అయిదో రోజు 'పోర్టల్లో టికెట్ రైజ్ చెయ్' అన్నారు. లెక్క అర్థం కాలేదని టికెట్ పెట్టడం ఏటండీ, అదేమన్నా వైఫై పోయిందా.

ర్యాంకుల సంగతి నాకు తర్వాత తెలిసింది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో యూనివర్సిటీలకి మార్కులేసే పద్ధతి ఎవరన్నా చూశారా? టీచింగ్, వనరులకి 30, రీసెర్చ్‌కి 30, చదివి బయటికెళ్ళినోళ్ళ ఫలితాలకి 20, ఆడపిల్లలు, బయటి రాష్ట్రాలోళ్ళు, పేదోళ్ళు ఎంతమంది చేరారన్నదానికి 10, జనం ఏమనుకుంటున్నారన్నదానికి 10. ఆ రీసెర్చ్ 30 పీహెచ్‌డీ చేసేవాళ్ళకి పనికొస్తది, ఫస్ట్ ఇయర్ పిల్లకి దాంతో వచ్చేదేం లేదు. నేను ఫీజు కట్టింది ఎవరో రాసిన పేపర్లకి, ఇంకెవరో అనుకునే మాటలకి అన్నమాట. ర్యాంకు అబద్ధం అనట్లేదు, నాకు కావాల్సిన దానికి కొలత అది కాదు, అంతే.

సరే మారదాం అనుకున్నాక అసలు సినిమా మొదలైంది. మన దగ్గర డిగ్రీలో యూనివర్సిటీ మారడం అనేది చెప్పుకోవడానికే ఉంది. ఒడిశాలో శామ్స్ పోర్టల్, ఆంధ్రాలో డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్, రెండింట్లో వెతికినా నాకు కనిపించింది ఫస్ట్ ఇయర్ అడ్మిషనే, సెకండ్ ఇయర్లోకి నేరుగా వచ్చేవాళ్ళకి గడి లేదు. కాగితం మీద మాత్రం దారి ఉంది. 2021లో యూజీసీ, అంటే యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని పెట్టింది, డిజిలాకర్‌లో ఐడీ తీసుకుంటే మనం పాసైన పేపర్లకి వచ్చే క్రెడిట్లు బ్యాంకులో డబ్బుల్లా ఉంటాయి, ఏడేళ్ళ దాకా చెల్లుతాయి. కొత్త పద్ధతిలో ఏడాదికి 40 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160. అయితే డిగ్రీ ఇచ్చే చోట సగం క్రెడిట్లన్నా సంపాదించాలి, అందుకే మారేవాళ్ళు మొదట్లోనే మారాలి, మూడో ఏడాదిలో జ్ఞానోదయం అయితే కష్టం.

ఆ బ్యాంకులో క్రెడిట్లు వేయాల్సింది మాత్రం పాత యూనివర్సిటీ. నా అకౌంట్లో మొదటి సెమిస్టర్ కనపడతంది, రెండోది లేదు. మెయిల్ పెడితే 'ప్రాసెస్‌లో ఉంది', ఫోన్ చేస్తే పాట వస్తది. రెండు నెలలు ఆ పాట విన్నాను, ఇప్పటికీ ఎక్కడైనా వినిపిస్తే కడుపులో తిప్పుతది. ఒరిజినల్స్ ఇవ్వడానికి కూడా 'మిగతా ఏడాది ఫీజు' అన్నారు. అప్పుడు నాన్న 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రింట్ తీసి పట్టుకెళ్ళాడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టిపెట్టుకోకూడదని అందులో ఉంది. కౌంటర్ ఆయన అది చదివి, లోపలికెళ్ళి, అరగంటలో ప్లస్ టూ మార్క్‌లిస్టు, సీఎల్సీ (కాలేజీ వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్) తెచ్చిచ్చాడు. ఎవరికన్నా పనికొస్తదని రాస్తున్నా, ప్రింట్ తీసుకెళ్ళండి, ఫోన్లో చూపిస్తే చూడరు.

మధ్యలో ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్ళాం, దానికి రేటింగ్ సున్నా. రిజిస్ట్రేషన్ అని మూడు వేలు తీసుకున్నాడు. గ్లాస్ టేబుల్ మీద అయిదు బ్రోచర్లు పరిచాడు, అయిదింట్లోనూ పిల్లలు గడ్డిలో కూర్చుని ఒకే ల్యాప్‌టాప్‌లోకి చూసి నవ్వుతున్నారు. 'అమ్మా నీ క్రెడిట్లు మొత్తం తీసుకునేలా చూసే పూచీ నాది' అంటాడు గానీ ఏ సబ్జెక్టు అని ఒక్కసారి అడగలేదు. అన్నీ ప్రైవేటే, గవర్నమెంట్ కాలేజీ సంగతెత్తితే మొహం మాడ్చుకుంటాడు. బయటికొచ్చి టీ తాగుతూ నాన్న 'వీడికి కమీషన్ ఏదాంట్లో ఎక్కువో అదే మంచి కాలేజీ' అన్నాడు. మందుల షాపు నడిపే మనిషి కదా, బేగి పట్టేశాడు.

ఇంక వైజాగ్. చిన్నాన్న వాళ్ళు మద్దిలపాలెంలో ఉంటారు. ఆయనకి ఒకటే మాట, ఆంధ్రా యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇంట్లో ఉండాలి. న్యాక్ గ్రేడింగ్‌లో ఏ డబల్ ప్లస్, 1926 నాటిది, అన్నిటికన్నా పెద్ద అస్త్రం: 'స్టాటిస్టిక్స్ అంటన్నావు కదే, సి.ఆర్. రావు గారు చదివింది ఇక్కడే!' నిజమే, స్టాటిస్టిక్స్‌లో అంత పేరున్న ఆయన లెక్కలు చదివింది ఇక్కడే. 'చదివి స్టాటిస్టిక్స్‌కి కలకత్తా ఎళ్ళిపోయారు కదా చిన్నాన్నా' అన్నాను. పిన్ని వంటింట్లోంచి నవ్వింది.

క్యాంపస్ చూపించడానికి అవుట్ గేట్ దగ్గర నుంచి తిప్పాడు, చెట్లు, పాత రాతి బిల్డింగులు, కాసేపు నాక్కూడా మనసు లాగింది, అబద్ధం చెప్పను. కాకపోతే నేను చేరబోయేది ఆ క్యాంపస్ కాదు, సిటీలో ఆ యూనివర్సిటీ కింద నడిచే ఒక కాలేజీ. ఇది మన ఇళ్ళల్లో ఎవరూ విడదీసి చూడరు. సర్టిఫికెట్ మీద పేరు యూనివర్సిటీది, మూడేళ్ళు కూర్చునేది కాలేజీ బెంచీ మీద. అయినా ఆ కాలేజీ బాగుంది, నాలుగు ఊరికే వేయలేదు. స్టాట్స్ ల్యాబ్‌లో అందరికీ తలా ఒక కంప్యూటర్, ప్రాక్టికల్స్ 'ఆర్' అనే స్టాట్స్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నారు, సీనియర్ అమ్మాయిలు ఇంటర్న్‌షిప్ గురించి మాట్లాడుకుంటుంటే విని కుళ్ళుకున్నాను.

తర్వాత ఆఫీసు రూములోకి వెళ్ళాం. 'లోకలా నాన్ లోకలా?' ఇంట్లో పుట్టిందగ్గర్నుంచీ తెలుగు మాట్లాడేదాన్ని, ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో తెలీక నాన్న వైపు చూశాను. ఆంధ్రాలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ ఉన్న రూలు, తప్పు పట్టట్లేదు. మా ఎస్ఈబీసీ (వెనకబడిన తరగతుల) సర్టిఫికెట్ ఒడిశా గవర్నమెంట్‌ది, అక్కడ రిజర్వేషన్‌కి పనికిరాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడోళ్ళకే. పైగా 'మళ్ళీ ఫస్ట్ ఇయర్ నుంచే చేరాలమ్మా' అన్నారు, మర్యాదగానే అన్నారు. ఏడాది పోతది, హాస్టల్ ఖర్చు అదనం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న ఒక మాట చెప్పాడు, అది నాకు ముందు తెలీదు. ఆ యూనివర్సిటీ మొదట్లో దానికి ఏటా లక్ష రూపాయలిచ్చి నిలబెట్టింది జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారట, అక్కడ సైన్స్ కాలేజీకి పెట్టింది ఆయన పేరే. జయపురం ఇప్పుడు ఒడిశాలో కొరాపుట్ జిల్లా. మావైపు రాజుగారు డబ్బులిస్తే మావైపు పిల్లలం నాన్ లోకల్. ఒడిశాలో మమ్మల్ని తెలుగోళ్ళు అంటారు, అక్కడికెళ్తే ఒడిశావోళ్ళు అంటారు, ఇదంతా మామూలే గానీ ఆ రోజు బస్సులో కొంచెం ఎక్కువ తగిలింది. టెక్కలి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇక చేరిన చోటు. బరంపురం యూనివర్సిటీ కింద మావైపే ఉన్న ఒక కాలేజీ. నిజం చెప్పాలంటే మొదట అక్కడికి వెళ్ళింది ఒక కాగితం మీద సంతకం కోసం, చేరడానికి కాదు. డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం ఒక్కరే ఉన్నారు, ఫ్యాన్ కిందకి కుర్చీ లాక్కోమన్నారు. నా పాత సిలబస్ ప్రింట్ తీసుకుని, వాళ్ళ సిలబస్ పక్కన పెట్టి, ఎర్ర పెన్నుతో ఒక్కో యూనిట్‌కి టిక్ పెడుతూ వచ్చారు. మధ్యలో ఆగి, 'ఇది చదివానంటున్నావు కదా, బేయిస్ థీరమ్ చెప్పు' అన్నారు, అదీ కండిషనల్ ప్రాబబిలిటీలోదే. నేను ఫార్ములా చెప్పాను. 'ఫార్ములా కాదు, చెప్పు' అన్నారు. చెప్పలేకపోయా. అప్పుడు ఆవిడ ఆ కాగితం వెనక్కి తిప్పి జ్వరం, టెస్టు రిపోర్టు, మా ఊళ్ళో మలేరియా అని ఉదాహరణ వేసి పావుగంట చెప్పారు, ఒడియాలో మొదలెట్టి ఇంగ్లీష్‌లోకి వెళ్ళి, నా మొహం చూసి ఆఖర్న తెలుగులో 'జబ్బే అరుదైతే రిపోర్టు పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదమ్మా' అని ముగించారు. నేను నాలుగు రోజులు స్టాఫ్ రూమ్ చుట్టూ తిరిగింది ఈ డౌట్ కోసమే. ఇంకా అడ్మిషన్ కూడా తీసుకోలేదు చూడండి.

లెక్క తేలింది: 40లో 28 క్రెడిట్లు తీసుకుంటారు, మూడు పేపర్లు విడిగా రాసుకోవాలి, సెకండ్ ఇయర్లో కూర్చోవచ్చు. పాత యూనివర్సిటీ ఫీజుతో పోలిస్తే ఇక్కడి ఫీజు మా నాన్నకి నవ్వొచ్చేంత.

లోపాలు దాచను. ల్యాబ్‌లో పధ్నాలుగు కంప్యూటర్లుంటే తొమ్మిది పనిచేస్తాయి, వర్షాకాలం కరెంటు పోతే ఆ తొమ్మిదీ లేవు. ప్లేస్‌మెంట్ సెల్ అనేది తలుపు మీద బోర్డు. ఆర్ నేనే సొంతంగా వీడియోలు చూసి నేర్చుకుంటున్నా. స్టాటిస్టిక్స్‌కి ఇద్దరే టీచర్లు, మేడం సెలవు పెడితే ఆ వారం అయిపోయినట్టే. మాట్లాడుకోవడానికి నాకు సమానంగా పిచ్చి ఉన్న ఫ్రెండ్ ఒక్కతే దొరికింది, గుణుపురం అమ్మాయి, వైజాగ్‌లో అయితే పదిమంది దొరికేవాళ్ళేమో అని ఇప్పటికీ అనిపిస్తది, అందుకే ఒకటిన్నర తీసేశాను.

మరి ఎందుకు చేరానంటే, నేను ఎటు వెళ్ళాలనుకుంటున్నానో చూసుకున్నాను. నాకు ఎమ్మెస్సీ కావాలి. దానికి ఐఐటీల ఎంట్రన్స్ జామ్‌లో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది, ఐఎస్ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) దాని ఎంట్రన్స్ దానికుంది, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ ఉంది. పరీక్ష హాల్లో నా పేపరే మాట్లాడాలి, పర్లాకిమిడి వైపు కాలేజీనా వైజాగ్ కాలేజీనా అని ప్రశ్నాపత్రం అడగదు. పేరు అప్పుడు తెచ్చుకుంటా. ఇప్పుడు నాకు కావాల్సింది నేను చేసిన లెక్క చూసి తప్పెక్కడుందో చెప్పే మనిషి. డిగ్రీ అవగానే ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకి నా లెక్క పనికిరాదు, వాళ్ళు కాస్త అప్పు చేసైనా వైజాగ్‌కే వెళ్ళండి, ప్లేస్‌మెంట్ ఉన్నచోట పేరుకి నిజంగానే విలువుంది.

మామ్మకి ఇవేం పట్టలేదు. 'అక్కడ కూడెలాగుంటది?' అని అడిగింది, నేను ఇంటినుంచే క్యారేజీ తీసుకెళ్తానంటే 'మరింకేటి' అని లోపలికెళ్ళిపోయింది.

అప్‌డేట్: మూడు పేపర్లలో రెండు పాసయ్యా, మూడోది ఈ సెమిస్టర్ రాస్తున్నా. పాత యూనివర్సిటీ రెండో సెమిస్టర్ క్రెడిట్లు చివరికి అకౌంట్లో పడ్డాయి, నేను మానేసిన ఎనిమిది నెలలకి. అందుకే మారేవాళ్ళు గ్రేడ్ కార్డు కాగితం మీద సీలు వేయించుకుని తీసుకోండి, నాకు అడ్మిషన్ ఇచ్చింది ఆ కాగితం చూసే.

మొన్న టెక్కలిలో పెళ్ళికి వెళ్తే చిన్నాన్న ఎవరికో నన్ను చూపించి 'మా అన్నయ్య కూతురు, స్టాటిస్టిక్స్ చదువుతంది' అన్నాడు. ఆయన 'ఎక్కడమ్మా?' అన్నారు. నేను నోరు తెరిచేలోపే చిన్నాన్న అందుకుని 'జామ్‌కి ప్రిపేరవుతందండీ' అనేసి ఆయన్ని భోజనాల వైపు తీసుకెళ్ళిపోయాడు.